సాల్మన్‌ఫ్లై: రంగు చూసి పేరు, మొప్పలు చూసి వంశం

జూన్ రాత్రుల్లో అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో, మాడిసన్ నది ఒడ్డున టార్చి వేసి చూస్తే రాళ్ల మీద ఏవో పాకుతూ కనిపిస్తాయి. ఒక్కోటి దాదాపు బొటనవేలంత పొడవు. నల్లటి ఒళ్లు, వెనక రెండు తోకలు. నీళ్లలోంచి బయటికొచ్చి, దొరికిన కొమ్మనో బండరాయినో కాళ్లతో గట్టిగా కరిచి పట్టుకుని కదలకుండా ఉండిపోతాయి. కాసేపటికి వీపు మీద చర్మం నిలువునా చిట్లుతుంది. అందులోంచి మెత్తటి, నారింజ రంగు ఒళ్లున్న పురుగు ఒకటి మెల్లగా బయటికి జారుతుంది. నలిగిన కాగితంలా ఉన్న రెక్కలు ముడతలు విప్పుకుంటాయి. తెల్లారేసరికి ఒడ్డంతా ఖాళీ కుబుసాలు. పక్కనే చెట్ల మీద వందల కొద్దీ పెద్ద రెక్కల పురుగులు.

దీన్ని అక్కడివాళ్లు సాల్మన్‌ఫ్లై అంటారు. శాస్త్రీయ నామం టెరోనార్సిస్ కాలిఫోర్నికా. స్టోన్‌ఫ్లైలనే కీటకాల్లో అందరికంటే పెద్దవాళ్ల వరసలో నిలబడే జాతి ఇది. కొన్ని నదుల్లో ఇది తగ్గిపోతోందని, కొన్నిచోట్ల అసలే కనిపించడం లేదని వార్తలు వచ్చినప్పుడల్లా చర్చ మొదలవుతుంది. చర్చ సగంలోనే గందరగోళంలో పడుతుంది. సాల్మన్‌ఫ్లై, స్టోన్‌ఫ్లై, మేఫ్లై, టెరోనార్సిస్, ప్లెకోప్టెరా... వీటిలో ఏది దేనిలో భాగం? ఒక పురుగును చూసి ‘ఇది ఫలానా జాతి’ అని చెప్పేవాళ్లు అసలు దేన్ని చూస్తారు? నారింజ రంగునే అనుకుంటాం. గుర్తుపట్టడానికి అన్నిటికంటే తక్కువగా పనికొచ్చేది ఆ రంగే.

ఈగ కాని ఈగ

పేరులో ‘ఫ్లై’ ఉన్నంత మాత్రాన ఇది ఈగ కాదు. అసలైన ఈగలకు, దోమలకు ఒక్క జత రెక్కలే ఉంటాయి. రెండో జత కుంచించుకుపోయి చిన్న గుండు సూదుల్లా మిగిలింది. స్టోన్‌ఫ్లైకి రెండు జతలూ పూర్తిగా ఉంటాయి. ఇంగ్లీషులో కీటక శాస్త్రజ్ఞులు ఈ తేడాను రాతలోనే చూపిస్తారు: నిజమైన ఈగైతే ‘హౌస్ ఫ్లై’ అని రెండు మాటలుగా విడదీస్తారు, కాకపోతే ‘స్టోన్‌ఫ్లై’, ‘మేఫ్లై’, ‘డ్రాగన్‌ఫ్లై’ అని కలిపేస్తారు. తెలుగులో ఆ బెడద లేదు. తూనీగను తూనీగ అనే అంటాం.

సాల్మన్‌ఫ్లైకి సాల్మన్ చేపతోనూ పెద్ద సంబంధం లేదు. తల వెనక, కాళ్ల నడుమ, పొట్ట అంచుల్లో కనిపించే నారింజ రంగు సాల్మన్ మాంసపు రంగును పోలి ఉండటమే ఆ పేరుకు కారణమని చెబుతారు. ఆ నదుల్లో దీన్ని ఎగబడి తినేది ట్రౌట్ చేపలు. ఈ పురుగులు గుంపుగా బయటికొచ్చే రోజుల్ని గాలం వేసేవాళ్లు ‘హ్యాచ్’ అంటారు, ఆ మాటకు అర్థం గుడ్లు పొదగడం. నిజానికి గుడ్లు పొదగడానికీ దీనికీ సంబంధమే లేదు. ఆ గుడ్డు పొదిగి మూడు నాలుగేళ్లయింది.

స్టోన్‌ఫ్లై జీవితంలో దశలు మూడే: గుడ్డు, నింఫ్ అనే పిల్లదశ, రెక్కల దశ. సీతాకోకచిలుకలో ఉన్నట్టు మధ్యలో ప్యూపా ఉండదు. నింఫ్ నీళ్లలో పెరుగుతూ కుబుసం మీద కుబుసం విడుస్తుంది, చివరి కుబుసాన్ని మాత్రం ఒడ్డున విడుస్తుంది. సాల్మన్‌ఫ్లై నింఫ్‌గా గడిపేది సాధారణంగా మూడు నాలుగేళ్లు, రెక్కలతో బతికేది కొద్ది వారాలు. అంటే మనం చూసి ముచ్చటపడి పేరు పెట్టిన రూపం దాని జీవితంలో చివరి చిన్న ముక్క. దాని గుర్తులు తెలుసుకోవాలంటే నీళ్లలోకి దిగాలి.

తెల్ల ట్రేలో ఒక నింఫ్

నది అడుగున ఉన్న రాయిని ఎత్తి, కింద వల పట్టి కడిగితే ఏవేవో పురుగులు పడతాయి. వాటిలో ఒక పెద్ద నల్లటి నింఫ్‌ను తీసి తెల్ల ట్రేలో కొన్ని నీళ్లు పోసి వదిలామనుకుందాం. ఇప్పుడు దాని ఇంటిపేరు కనుక్కోవాలి.

ముందు తోకలు లెక్కపెడదాం. రెండు. స్టోన్‌ఫ్లై కావచ్చు. నీళ్లలోనే పెరిగే మేఫ్లై అనే వేరే కీటకపు నింఫ్‌లకు ఎక్కువగా మూడు తోకలుంటాయి కాబట్టి చాలామంది ఇక్కడే తీర్పు చెప్పేస్తారు. అదే పొరపాటు. రెండే తోకలున్న మేఫ్లైలూ ఉన్నాయి. పైగా తోకలు ఇట్టే విరిగిపోతాయి. అందుకే చూపు కాళ్ల మీదికి మళ్లాలి. భూతద్దం పెట్టి చూస్తే ఒక్కో పాదం చివర రెండేసి కొక్కేల్లాంటి గోళ్లు. మేఫ్లై నింఫ్‌కు పాదానికి ఒకే గోరు. ఇప్పుడు ధైర్యంగా చెప్పొచ్చు: ఇది స్టోన్‌ఫ్లై, అంటే ప్లెకోప్టెరా క్రమానికి చెందినది. క్రమం కింద కుటుంబాలు, కుటుంబం కింద ప్రజాతులు, ప్రజాతి కింద జాతులు ఉంటాయి.

తర్వాత దాన్ని వెల్లకిలా తిప్పాలి. అసలు కథ కడుపు వైపే ఉంది. ఛాతీ భాగం కింద, కాళ్లు మొదలయ్యే చోట, తెల్లటి దూది పోగుల్లాంటి కుచ్చులు కనిపిస్తాయి. అవే మొప్పలు. మేఫ్లైకి మొప్పలు పొట్ట పక్కల వెంబడి ఆకుల్లా వరసగా ఉంటాయి. స్టోన్‌ఫ్లైలలో అవి ఎక్కడుంటాయన్నది కుటుంబాన్ని బట్టి మారుతుంది. కొన్నింటికి మెడ కింద, కొన్నింటికి ఛాతీకి, కొన్నింటికి తోకల మొదట్లో, కొన్నింటికి అసలే ఉండవు. మన నింఫ్‌కు ఛాతీతో ఆగకుండా పొట్ట మొదటి రెండు ఖండాల కింద కూడా కుచ్చులున్నాయి. ఛాతీ కిందా, పొట్ట మొదటి ఖండాల కిందా ఇలా కుచ్చు మొప్పలుంటే కుటుంబం టెరోనార్సిడే. రెండు ఖండాల దగ్గర ఆగితే ప్రజాతి టెరోనార్సిస్. మూడో ఖండం దాకా సాగితే దాని చిన్న చెల్లెలు టెరోనార్సెల్లా. ఈ కుటుంబంలో ఉన్న ప్రజాతులు ఈ రెండే.

చూడండి, ఇంతవరకూ గుర్తుపట్టడానికి రంగు అవసరమే రాలేదు. కారణం చాలా మామూలుది. నమూనాలను ఆల్కహాల్‌లో నిల్వ చేస్తారు, అందులో రంగులు వెలిసిపోతాయి. కొత్తగా కుబుసం విడిచిన నింఫ్ పాలిపోయి ఉంటుంది, పాతబడ్డది నల్లగా ఉంటుంది. ఒకే నదిలో ఒకే జాతికి ఇన్ని ఛాయలుంటే రంగు సాక్ష్యం ఎలా నిలుస్తుంది?

ఆఖరి మెట్టు జాతి. ఇక్కడ నింఫ్ మొండికేస్తుంది. టెరోనార్సిస్ ప్రజాతిలో ఉత్తర అమెరికాలో ఎనిమిది జాతులున్నాయి. కొన్నింటికి పొట్ట పక్కల ముళ్లలాంటి పొడుచుకొచ్చిన భాగాలుంటాయి. అవి తూర్పు ప్రాంతపు జాతులు. మన నింఫ్‌కు అవి లేవు. పట్టుకున్నది పశ్చిమ నదిలో. కాబట్టి కాలిఫోర్నికా అయ్యే అవకాశమే ఎక్కువ. కానీ పశ్చిమానే ప్రిన్సెప్స్ అనే మరో దగ్గరి చుట్టం ఉంది. ఖాయంగా చెప్పాలంటే రెక్కలొచ్చిన పురుగు కావాలి, అందులోనూ మగది. దాని పొట్ట చివర ఉండే జత కట్టే అవయవాల ఆకారం జాతి జాతికీ వేరు. ఆడదానిలోనైతే పొట్ట కింద గుడ్లు బయటికొచ్చే చోట ఉండే పలక ఆకారం చూస్తారు. కీటకాల వర్గీకరణలో ఇది పాత సంప్రదాయం. రెక్కలు, రంగులు వాతావరణాన్ని బట్టి అటూ ఇటూ అవుతాయి. జత కట్టే అవయవాలు అలా తేలిగ్గా మారవన్నది దీని వెనకున్న నమ్మకం.

పెద్దయినా వదలని మొప్పలు

రెక్కలొచ్చిన సాల్మన్‌ఫ్లై కూర్చున్నప్పుడు రెక్కలను వీపు మీద ఒకదానిపై ఒకటి చదునుగా పరుస్తుంది. వెనక రెక్కలో ఒళ్లు వైపు భాగం విశాలంగా ఉంటుంది, అది మడతలు పడి ముందు రెక్క కిందికి ఒదిగిపోతుంది. ఈ మడత నుంచే క్రమానికి పేరొచ్చింది. గ్రీకులో ప్లెకోప్టెరా అంటే మడత రెక్కలవి. మేఫ్లైకి ఇలా మడవడం రాదు, రెక్కలు నిట్టనిలువుగా వీపు మీద నిలబెడుతుంది. దూరం నుంచి రెంటినీ విడదీయడానికి ఇంతకంటే తేలికైన గుర్తు లేదు.

ఆకుకు ఉన్నట్టే రెక్కకూ ఈనెలుంటాయి. టెరోనార్సిడే కుటుంబపు ముందు రెక్కలో, ఒళ్లు వైపు మూలన, నిలువు ఈనెల మధ్య అడ్డ ఈనెలు రెండు అంతకంటే ఎక్కువ వరసల్లో నిండుగా ఉండి దగ్గరి అల్లికలా కనిపిస్తాయి. మిగతా స్టోన్‌ఫ్లైలలో ఆ భాగం ఇంత నిండుగా ఉండదు. రెక్క ఒక్కటి దొరికినా చాలు, కుటుంబం చెప్పేయవచ్చు.

ఇంత పెద్ద రెక్కలున్నా ఎగరడం మాత్రం అంతంతే. ఒళ్లు బరువు. గాలిలో తడబడుతూ, కాళ్లు వేలాడేసుకుని పోతుంది. ఆడది నది మీదికి ఎగిరి ముదురు రంగు గుడ్ల ముద్దను నీళ్లలో వదిలే సమయంలో ట్రౌట్‌లు దానికోసమే కాచుకుని ఉంటాయి.

నాకు బాగా నచ్చే వివరం ఇంకొకటుంది. ఈ పురుగు నీళ్లను వదిలి గాలి పీల్చే దశకు వచ్చాక కూడా ఛాతీ కింద మొప్పల అవశేషాలు అలాగే ఉంటాయి. ఎండి ముడుచుకున్నా చూసేవాళ్లకు కనిపిస్తాయి. 1840ల్లో జార్జ్ న్యూపోర్ట్ అనే ఇంగ్లీషు శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు రెక్కలొచ్చిన టెరోనార్సిస్‌లో మొప్పలున్నాయని రాసినప్పుడు అది వింత కబురు. పెద్దయిన కీటకానికి మొప్పలా? ఈ రోజుకీ ఎండిన నమూనా ఏ కుటుంబానిదో తేల్చడానికి ఈ అవశేషాలను చూస్తారు.

పేరు పక్కన ఒక బ్రాకెట్

కాలిఫోర్నికా జాతిని 1848లో వర్ణించింది కూడా ఆ న్యూపోర్టే. పుస్తకాల్లో దీన్ని ‘టెరోనార్సిస్ కాలిఫోర్నికా న్యూపోర్ట్, 1848’ అని రాస్తారు. దీని చుట్టం పేరు మాత్రం ‘టెరోనార్సిస్ డోర్సాటా (సే, 1823)’ అని ఉంటుంది. ఒకదానికి బ్రాకెట్ ఉంది, మరొకదానికి లేదు. అచ్చుతప్పు అనుకోవద్దు. మొదట వర్ణించినవాడు ఇప్పుడున్న ప్రజాతిలోనే పెడితే బ్రాకెట్ ఉండదు. వేరే ప్రజాతిలో పెట్టి, తర్వాత ఎవరైనా ఇక్కడికి మారిస్తే బ్రాకెట్ వస్తుంది. థామస్ సే 1823లో డోర్సాటాను సియాలిస్ అనే ప్రజాతిలో పెట్టాడు. సియాలిస్ అంటే స్టోన్‌ఫ్లై కాదు, ఆల్డర్‌ఫ్లై అనే పూర్తిగా వేరే క్రమపు కీటకం. ఆ రోజుల్లో వలలాంటి రెక్కలున్న పురుగులన్నిటినీ కలిపి న్యూరోప్టెరా అని ఒకే బుట్టలో వేసేవారు. టెరోనార్సిస్ అన్న ప్రజాతి పేరును ఎడ్వర్డ్ న్యూమన్ 1838లో తెచ్చాడు. స్టోన్‌ఫ్లైలకు విడిగా ప్లెకోప్టెరా అన్న పేరు 1839లో బర్మైస్టర్ పెట్టాడు. ఒక్క బ్రాకెట్‌లో ఇంత చరిత్ర ఇమిడి ఉంది.

రెండో పదం కూడా మోసం చేస్తుంది. ఇవే నదుల్లో కాలిన్యూరియా కాలిఫోర్నికా అనే మరో పెద్ద స్టోన్‌ఫ్లై ఉంటుంది. గాలం వేసేవాళ్లు అలాంటి వాటిని గోల్డెన్ స్టోన్ అంటారు. పేరులో రెండూ కాలిఫోర్నికాలే, అయినా చుట్టరికం దూరం. రెండో మాట ఊరి పేరు లాంటిది. ఒకే ఊరివాళ్లంతా ఒకే ఇంటివాళ్లు కారు కదా. ఇంటిపేరు మొదటి మాటలో ఉంది. గోల్డెన్ స్టోన్ పెర్లిడే కుటుంబానిది. దాని నింఫ్‌కు పసుపు గోధుమ చారలుంటాయి. మొప్పల కుచ్చులు ఛాతీకే ఉంటాయి, పొట్ట మొదటి ఖండాల కింద ఉండవు. బతుకు తీరు కూడా వేరు. సాల్మన్‌ఫ్లై నింఫ్ నీళ్లలో నానిన ఆకులను, వాటి మీద పెరిగే బూజుతో సహా కొరుక్కుని తింటుంది. గోల్డెన్ స్టోన్ నింఫ్ మిగతా పురుగులను వేటాడి తింటుంది.

పెదవి చెప్పిన సాక్ష్యం

ఆ ఆకులు తినే నోరే వర్గీకరణలో పెద్ద పేచీ తెచ్చింది. స్టోన్‌ఫ్లై కింది పెదవి చివర చెవి తమ్మెల్లాంటి నాలుగు చిన్న భాగాలుంటాయి. లోపలి రెండింటిని గ్లాసాలని, బయటి రెండింటిని పారాగ్లాసాలని అంటారు. వేటాడే కుటుంబాల్లో లోపలివి బాగా కురచ, బయటివి పొడవు. ఆకులు తినే చాలా కుటుంబాల్లో నాలుగూ దాదాపు సమానం. 20వ శతాబ్దం మొదట్లో క్లాపాలెక్, ఎండర్‌లైన్ లాంటివాళ్లు నోటి భాగాల ఆధారంగా క్రమాన్ని రెండు ముక్కలు చేశారు. ఆ లెక్కన సాల్మన్‌ఫ్లై వేటగాళ్లతో కాక నెమూరిడే లాంటి చిన్నచిన్న ఆకు తిండి స్టోన్‌ఫ్లైల పక్కన కూర్చుంది. దశాబ్దాల పాటు అమెరికా పుస్తకాలు అలాగే రాశాయి. పెదవి చూశావా, పెదవి సమానం, ఇటువైపు. తర్కం చక్కగానే ఉంది.

1973లో జర్మన్ శాస్త్రజ్ఞుడు పీటర్ త్స్విక్ వేరే ప్రశ్న అడిగాడు. పోలిక ఉందా లేదా అని కాదు, ఆ పోలిక కొత్తదా పాతదా అని. మనిషి చేతికి ఐదు వేళ్లు, బల్లి కాలికీ ఐదు వేళ్లు, గుర్రం కాలికి ఒకటే. అంతమాత్రాన మనిషి గుర్రానికంటే బల్లికి దగ్గరా? కాదు. ఐదు వేళ్లన్నది తాతముత్తాతల నుంచి వచ్చిన పాత ఆస్తి, గుర్రం దాన్ని పోగొట్టుకుంది. పాత ఆస్తి ఎవరి దగ్గర మిగిలినా ఆ ఇద్దరూ అన్నదమ్ములైపోరు. చుట్టరికం తేలాలంటే ఇద్దరూ కలిసి కొత్తగా సంపాదించుకున్నది ఏదో చూపించాలి.

సమానమైన పెదవి తమ్మెలు అలాంటి పాత ఆస్తే. దాన్ని పక్కన పెట్టి, శరీరం లోపలి అవయవాల దాకా ఎన్నో లక్షణాలు కలిపి చూస్తే సాల్మన్‌ఫ్లై వేటగాళ్లున్న సిస్టెల్లోగ్నాథా అనే శాఖలోకి వస్తుంది. చిత్రమేమిటంటే ఆ పేరుకు అర్థమే కురచైన నోరు అని. నోరు కురచ కానిదీ ఇప్పుడు అందులో సభ్యురాలు. వర్గీకరణలో పేరు ఒకటి చెబుతుంటే వంశం ఇంకొకటి చెప్పడం కొత్తేమీ కాదు.

మరి పాత పద్ధతి దండగేనా? నేనైతే అలా అనను. ఏటి ఒడ్డున కూర్చుని ట్రేలో పురుగును గుర్తుపట్టేవాళ్లకు పెదవి తమ్మెలు ఇప్పటికీ బాగా పనికొస్తాయి. గుర్తుపట్టే తాళంచెవి, అంటే లక్షణాల జాబితా, వేరు. వంశవృక్షం వేరు. రెంటినీ ఒకే పుస్తకంలో అచ్చువేయడం వల్ల కలిసిపోయాయి, అంతే.

కలిపేవాళ్లు, విడదీసేవాళ్లు

పొట్ట పక్కన ముళ్లున్న తూర్పు జాతుల గురించి పైన చెప్పాను. నీడమ్, క్లాసెన్ అనే ఇద్దరు 1925లో వాటికి అల్లోనార్సిస్ అని విడిగా ప్రజాతి పేరు పెట్టారు. తర్వాతివాళ్లు మళ్లీ టెరోనార్సిస్‌లోనే కలిపేశారు. పాత పుస్తకాల్లో కొన్ని జాతులకు రెండు పేర్లు కనిపించడానికి కారణం ఇదే.

విడదీసేవాళ్ల వాదన: కంటికి కనిపించే స్పష్టమైన తేడా ఉంది, ఆ జాతులన్నీ ఒకే ప్రాంతంలో ఉన్నాయి, పేరు వేరైతే చెప్పుకోవడానికి సుఖం. కలిపేవాళ్ల వాదన: ముళ్లున్నవన్నిటినీ బయటికి తీస్తే మిగిలినవి ‘ముళ్లు లేనివి’ అన్న ఒక్క కారణంతో ఒక గుంపుగా మిగులుతాయి. లేకపోవడం అన్నది చుట్టరికం కాదు. ప్రస్తుతం రెండో వాదనే నిలిచింది. ప్రజాతి గీత ఎక్కడ గీయాలో ప్రకృతి చెప్పదు. ఒకే కొమ్మ మీద ఉన్న ఆకులను మధ్యలో వదలకుండా కలిపి ఉంచాలన్నది నియమం. కొమ్మను ఎక్కడ నరకాలన్నది మనుషుల సౌలభ్యం.

ఇదే ప్రజాతి జాతులు సైబీరియాలో, సఖాలిన్ వైపు కూడా ఉన్నాయి. పసిఫిక్‌కు అటూ ఇటూ చుట్టాలు. సరిగా ఎగరలేని, చల్లటి పారే నీళ్లు వదిలి బతకలేని పురుగు సముద్రం దాటిందంటే దాటింది రెక్కల మీద కాదు, ఒకప్పుడు ఆసియా, అమెరికాల మధ్య ఉన్న నేలదారి మీద అన్నదే సబబైన వివరణ.

పొట్టతో మాట్లాడే శాఖ

స్టోన్‌ఫ్లైలన్నీ కలిపి 3,500కు పైగా జాతులు వర్ణించారు. కుటుంబాలు 16 అంటారు కొందరు, ఈమధ్య చేసిన విభజనను ఒప్పుకునేవాళ్లు 17 అంటారు. వీటన్నిటి పైన ఉన్న పెద్ద గీత ఉత్తరం, దక్షిణం. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణ అమెరికాలకు పరిమితమైన నాలుగు కుటుంబాలు ఆంటార్క్టోపెర్లారియా. మిగిలినవి ఆర్క్టోపెర్లారియా. పేర్లు దిక్కులవే అయినా గీత సరిగ్గా దిక్కులను బట్టి పోదు. నోటోనెమూరిడే అనే కుటుంబం ఉండేది దక్షిణాన, చేరేది ఉత్తర శాఖలో.

ఉత్తర శాఖను కలిపి ఉంచే లక్షణాల్లో ఒకటి చప్పుడు. మగ పురుగు పొట్ట చివరితో కొమ్మ మీద టకటకమని కొడుతుంది. ఆ అదురు కొమ్మలోంచి ప్రయాణించి ఆడదాని కాళ్లకు అందుతుంది, అదీ కొట్టి జవాబిస్తుంది. మగది వెతుక్కుంటూ వెళుతుంది. ఎన్ని దెబ్బలు, ఎంత వ్యవధిలో అన్నది ప్రతి జాతికీ సొంతం. టెరోనార్సెల్లా బాడియా అనే జాతిలో కొలరాడో మగవాటికీ అలాస్కా మగవాటికీ కొట్టే తీరులో తేడా ఉందని 1982లో కెన్నెత్ స్టీవర్ట్ బృందం చూపించింది. ఆ తేడాకు వాళ్లు వాడిన మాట ‘డయలెక్ట్’, అంటే యాస. యాస ఎంత మారితే వేరే భాష అనాలన్న ప్రశ్న పురుగుల్లోనూ తేలలేదు.

రెక్కలు మొప్పల నుంచే పుట్టాయా?

సాల్మన్‌ఫ్లై లాంటివాటి గురించి చదివితే ఎక్కడో ఒకచోట ఈ వాక్యం ఎదురవుతుంది: స్టోన్‌ఫ్లైలు ఆదిమ కీటకాలు, ఎగరడం ఎలా మొదలైందో వీటిలో చూడవచ్చు. దీని మూలం 1994లో జేమ్స్ మార్డెన్, మెలిసా క్రేమర్ సైన్స్ పత్రికలో రాసిన వ్యాసం. కొన్ని చిన్న స్టోన్‌ఫ్లైలు ఎగరలేవు. నీటి మీద నిలబడి రెక్కలాడిస్తూ తెరచాప పడవల్లా జారిపోతాయి. తొలి కీటకాలు కూడా మొప్పల్లాంటి భాగాలను ఇలాగే ఆడిస్తూ నీటి మీద జారి, క్రమంగా గాలిలోకి లేచి ఉండవచ్చన్నది వాళ్ల ప్రతిపాదన. పూర్తిగా ఎగరకముందు సగం రెక్క ఎందుకు పనికొస్తుందన్న పాత చిక్కుకు ఇది ముచ్చటైన జవాబు.

ఒప్పుకోనివాళ్ల అభ్యంతరమూ గట్టిదే. స్టోన్‌ఫ్లైల పూర్వీకులు అప్పటికే బాగా ఎగిరేవి. బొద్దింకలు, మిడతలు, చెవిపురుగులున్న పాలీనియోప్టెరా అనే పెద్ద గుంపులో స్టోన్‌ఫ్లైలు ఒక కొమ్మ మాత్రమే, వంశవృక్షం మొదలు కాదు. ఎగరగలిగినవాళ్ల సంతానంలో కొందరు ఎగరడం మానేసి జారడం నేర్చుకుంటే, అది ఎగరడానికి ముందుమెట్టు ఎలా అవుతుంది? మార్డెన్ పక్షం జవాబు: దారి ఒకటి సాధ్యమేనని చూపడమే మా ఉద్దేశం, ఆ దారినే వెళ్లారని కాదు. నాకు ఒప్పుకోనివాళ్ల పక్షం తూకం కొంచెం బరువుగా కనిపిస్తుంది, అయితే పేచీ ముగిసిందని చెప్పే స్థితి లేదు. ఆ గుంపు లోపల స్టోన్‌ఫ్లైలకు అందరికంటే దగ్గరి బంధువు ఎవరన్నదే ఇంకా తేలలేదు.

జాతి పేరు చట్టంలోకి వెళ్తే

ఈ గోళ్ల లెక్క, మొప్పల లెక్క ఎవరికి కావాలి? నీళ్ల నాణ్యత చూసేవాళ్లకు ముందు కావాలి. సున్నా డిగ్రీల నీటిలో లీటరుకు 14.6 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 20 డిగ్రీలకు అది 9.1కి పడిపోతుంది. మొప్పలతో బతికే నింఫ్‌కు ఆ తేడా ప్రాణాలకు సంబంధించినది. ఆక్సిజన్ తగ్గితే స్టోన్‌ఫ్లై నింఫ్ కాళ్ల మీద లేస్తూ పడుతూ బస్కీలు తీసినట్టు ఒళ్లు ఊపుతుంది, మొప్పల చుట్టూ నీళ్లు కదలడానికి. కాలుష్యాన్ని ఎంత తట్టుకుంటాయో సున్నా నుంచి పది దాకా ఇచ్చే మార్కుల్లో టెరోనార్సిడేకు సున్నా వేస్తారు. అంటే బొత్తిగా తట్టుకోలేదని. అందుకే యూటాలోని లోగన్ నదిలో ఒకప్పుడు విరివిగా ఉన్న సాల్మన్‌ఫ్లై 20వ శతాబ్దం రెండో సగంలో కనిపించకుండా పోవడం అంత చర్చకు దారితీసింది. ఇలాంటి నష్టాలకు నీళ్లు వేడెక్కడం కారణమని కొందరు, రాళ్ల సందులు ఒండ్రుతో పూడిపోవడమని కొందరు, ఆనకట్టల వల్ల ప్రవాహం మారడమని ఇంకొందరు అంటారు. నదిని బట్టి జవాబు మారుతుంది. మూడూ ఒకేచోట ఉన్న నదులూ ఉన్నాయి.

లెక్కల్లో మరో చిక్కు. నింఫ్ దశ మూడు నాలుగేళ్లు కాబట్టి ఒకే రాయి కింద మూడు నాలుగు తరాల పిల్లలు పక్కపక్కనే ఉంటాయి. ఒక చెడ్డ వేసవి అన్ని తరాలనూ ఒకేసారి దెబ్బ తీయొచ్చు. అలాగే ఈ ఏడు ఎక్కువ పురుగులు ఎగిరాయంటే మూడేళ్ల కింద నీళ్లు బాగున్నాయని అర్థం కావచ్చు, ఇప్పుడు బాగున్నాయని కాదు.

జాతి పేరు ఎంత బరువు మోస్తుందో చూపే ఉదాహరణ మోంటానాలోని గ్లేసియర్ నేషనల్ పార్కులో ఉంది. హిమానీనదాలు కరిగి పారే వాగుల్లో బతికే రెండు చిన్న స్టోన్‌ఫ్లైలను, లెడ్నియా టుమానానూ జపాడా గ్లేసియర్‌నూ, 2019 నవంబరులో అమెరికా ప్రభుత్వం ముప్పులో ఉన్న జాతులుగా చట్టంలో చేర్చింది. సాల్మన్‌ఫ్లై పక్కన పెడితే ఇవి చీమలంతే. లెడ్నియా ప్రజాతిలో ఒకే జాతి ఉందని చాలాకాలం అనుకున్నారు. 2010 నుంచి కాలిఫోర్నియా, వాషింగ్టన్, వయోమింగ్ పర్వతాల నుంచి ఒక్కోటి చేరాయి. అవన్నీ ఒకటే అనుకుని ఉంటే టుమానాకు పరిధి విశాలం, ముప్పు తక్కువ. వేరు అనగానే పరిధి కుంచించుకుపోతుంది. జపాడా గ్లేసియర్‌ది దీనికి ఎదురు కథ. దాని నింఫ్‌ను పక్క జాతుల నింఫ్‌ల నుంచి కంటితో విడదీయలేరు. డీఎన్‌ఏ పరీక్ష వచ్చాకే పార్కు బయట వేరే పర్వతాల్లో కూడా ఉందని తెలిసింది.

డీఎన్‌ఏ ఉంటే ఇక మొప్పలు, ఈనెలు ఎందుకని అడిగేవాళ్లున్నారు. పరీక్షలో వచ్చిన వరసను దేనితోనో పోల్చాలి. ఆ ‘దేనితోనో’ అన్నది ఎవరో ఒకరు మగ పురుగు పొట్ట చివర చూసి పేరు ఖాయం చేసిన నమూనా. అక్కడ పేరు తప్పైతే ఆ తర్వాతి పరీక్షలన్నీ తప్పుతాయి. ఇటువైపు, ఒక్క జన్యువు ముక్కను నమ్ముకుంటే ఈమధ్యనే విడిపోయిన జాతులు ఒకటిగా కనిపించే ప్రమాదం ఉందన్నది డీఎన్‌ఏ పనిచేసేవాళ్లే ఒప్పుకునే మాట.

సాల్మన్‌ఫ్లై విషయంలో మాత్రం పని ఇంకా చవగ్గా అయిపోతుంది. పురుగులన్నీ ఎగిరిపోయాక పరిశోధకులు ఒడ్డు వెంట నిర్ణీత దూరం కొలిచి, కొమ్మలకూ రాళ్లకూ పట్టుకుని మిగిలిన కుబుసాలను ఏరి లెక్కపెడతారు. ఒక్క పురుగును చంపనక్కర్లేదు. ఎండి పెళుసెక్కిన కుబుసాన్ని వెల్లకిలా తిప్పితే, పొట్ట మొదటి రెండు ఖండాల దగ్గర మొప్పల కుచ్చుల తొడుగులు అలాగే ఉంటాయి.